ద్రాక్షతోటల నేల మీద పై చదువు

(డాక్టర్ ఎ.ఎస్. రావు స్మారకోపన్యాసం: ప్రసంగ పాఠం)



సికింద్రాబాదులో బస్సెక్కితే కండక్టరు నోట ఆయన పేరు వినపడుతూనే ఉంటుంది. "ఏయస్‌రావ్ నగర్, ఏయస్‌రావ్ నగర్" అని. ఆ స్టాపులో దిగుతూ ఒక పిల్లవాడు "ఏయస్ రావ్ అంటే ఎవరమ్మా?" అని అడగడం ఒకసారి విన్నాను. "ఎవరో పెద్దాయన, నడువు" అంది తల్లి. నిజమే, పెద్దాయనే. ఆయన పద్మశ్రీ, పద్మభూషణ్, భట్నాగర్ బహుమతి గురించి ఇంతకు ముందు వక్తలు చెప్పారు. నేను ఆయన చదువు గురించి మాట్లాడతాను. అందులోనూ రెండో పెద్ద చదువు గురించి.

అయ్యగారి సాంబశివరావు గారు 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి, అక్కడే పాఠాలు చెప్పారు. అంటే జీవితం కుదురుకున్నట్టే. ఆ రోజుల్లో లెక్చరరు ఉద్యోగమంటే మాటలా? అలాంటిది 1946లో, ముప్పై ఏళ్ళు దాటాక, టాటా స్కాలర్‌షిప్ మీద స్టాన్‌ఫర్డ్ వెళ్ళి మళ్ళీ బల్ల మీద విద్యార్థిగా కూర్చున్నారు. ఈసారి ఎలక్ట్రికల్ ఇంజనీరింగు. ముప్పై రెండేళ్ళ మనిషి, తాను పాఠం చెప్పగలిగినవాడు, ఇంకొకరి దగ్గర పాఠం వినడానికి ఓడెక్కాడంటే ఆయనకి డిగ్రీ కొరత కాదు. భౌతికశాస్త్రం ప్రకృతిని కొలవమంటుంది. కొలవడానికి పరికరం కావాలి. ఆ పరికరాన్ని విదేశం నుంచి తెప్పించుకోవడం తప్ప చేసుకోవడం అప్పట్లో మనకి రాదు. ఆయన చదువులో భౌతికశాస్త్రం తర్వాత ఇంజనీరింగు రావడాన్ని నేను అలా అర్థం చేసుకున్నాను.

ఆయన వెళ్ళేటప్పటికి ఆ ప్రాంతానికి సిలికాన్ వ్యాలీ అన్న పేరు లేదు. సాంటా క్లారా లోయంతా పండ్లతోటలు. ఆప్రికాట్లు, ఎండబెట్టి అమ్మే ప్లమ్ పళ్ళు. వసంతంలో లోయ మొత్తం తెల్లగా పూసేదట. ఆ తోటల పక్కన విశ్వవిద్యాలయం, దానికి కాస్త దూరంలో ఒక ఇంటి షెడ్డులో 1939లో హ్యూలెట్, ప్యాకర్డ్ అనే ఇద్దరు కుర్రాళ్ళు మొదలుపెట్టిన కంపెనీ. వాళ్ళ మొదటి సరుకు ఆడియో ఆసిలేటరు. అదీ కొలిచే పనిలో వాడే పరికరమే. ఆ ఇద్దరినీ ముందుకు నెట్టిన మాస్టారు ఫ్రెడరిక్ టెర్మన్. ఆయన రేడియో ఇంజనీరింగు పుస్తకం మన దేశంలోనూ ఒక తరం చేతుల్లో నలిగింది. రావుగారు చేరేనాటికి టెర్మన్ ఇంజనీరింగు విభాగానికి డీన్.

టెర్మన్ చేసిన పని చెప్పుకోవడానికి చిన్నది. విశ్వవిద్యాలయం గోడకీ ఫ్యాక్టరీ గోడకీ మధ్య దారి వేశాడు. 1951లో విశ్వవిద్యాలయం భూమిలోనే కంపెనీలకు చోటిచ్చారు. 1954లో ఆ కంపెనీల ఇంజనీర్లు ఉద్యోగం చేసుకుంటూనే వచ్చి మాస్టర్స్ చదువుకునే ఏర్పాటు చేశారు. పొద్దున బెంచి మీద తేలని సమస్య మధ్యాహ్నం క్లాసులోకి వచ్చేది. క్లాసులో నేర్చిన లెక్క మర్నాడు బెంచి మీదకి పోయేది. రావుగారు అక్కడున్న నాటికి ఇవేవీ కాగితం మీదకి రాలేదు. విత్తనం మాత్రం పడి ఉంది. తోటల మధ్య ప్రయోగశాలలు మొలవడం ఎలా మొదలవుతుందో ఆయన కళ్ళారా చూసి ఉంటారు.

ఇప్పుడు మన తోటల సంగతికి వస్తాను. ఈ సభలో యాభై దాటినవాళ్ళకి గుర్తుంటుంది, మేడ్చల్ రోడ్డు పొడుగునా, శామీర్‌పేట చెరువు దాటాక, రాతి స్తంభాల మీద తీగలు లాగిన ద్రాక్ష పందిళ్ళు ఉండేవి. తాతలు అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష పేరు చెప్తే ఇప్పటికీ నోరూరుతుంది. ఆ పందిళ్ళ చోట ఇప్పుడు వెంచర్లు, గోడౌన్లు, రింగురోడ్డు, వాటి మధ్య ఇంజనీరింగు కాలేజీలు. కండ్లకోయ నుంచి మొదలుపెట్టి లెక్కపెడితే చేతివేళ్ళు చాలవు. శామీర్‌పేట వైపు జవహర్‌నగర్ గుట్టల మధ్య 2008లో బిట్స్ పిలానీ హైదరాబాదు ప్రాంగణం తెరిచారు. మైక్రో ఎలక్ట్రానిక్స్‌లో, ఎంబెడెడ్ సిస్టమ్స్‌లో, కమ్యూనికేషన్స్‌లో ఎం.ఇ. అక్కడ ఉంది, పిహెచ్.డి. ఉంది. ఇటు చివర, దమ్మాయిగూడ మీదుగా ఒక ఆటో దూరంలో, రావుగారు నెలకొల్పిన ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఇ.సి.ఐ.ఎల్. ఉంది. తోటల నేల, విశ్వవిద్యాలయం, ఫ్యాక్టరీ మూడూ మనకీ ఉన్నాయి. టెర్మన్ వేసిన ఆ దారి ఉందా అన్నదే నా ప్రశ్న.

ఇ.సి.ఐ.ఎల్. ఇక్కడికి ఎలా వచ్చిందో ఒక్క నిమిషం. తిరిగొచ్చాక రావుగారు హోమీ భాభా దగ్గర చేరారు. ట్రాంబేలో ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని నిలబెట్టారు. 1956 ఆగస్టు 4న అప్సర రియాక్టరు మొదలైంది. దాని నియంత్రణ వ్యవస్థను రావుగారి బృందమే మన దేశంలో తయారు చేసింది. రియాక్టరులో క్షణక్షణం ఏం జరుగుతోందో చెప్పే చెవీ కన్నూ అదే. చైనా యుద్ధం తర్వాత, 1963లో, దేశానికి ఎలక్ట్రానిక్స్‌లో ఏం కావాలో తేల్చమని ఒక కమిటీ వేశారు. అధ్యక్షుడు భాభా. సభ్యులు విక్రం సారాభాయ్, సూరి భగవంతం, ఎ.ఎస్. రావు. నలుగురిలో ఇద్దరు తెలుగువాళ్ళు. భగవంతం గారు అంతకు ముందు ఉస్మానియాకు వైస్ ఛాన్సలరుగా ఉన్నారు. నివేదిక బయటికి రాకముందే, 1966 జనవరి 24న, విమాన ప్రమాదంలో భాభా పోయారు. పని ఆగలేదు. 1967 ఏప్రిల్ 11న ఇక్కడ, హైదరాబాదులో, ఇ.సి.ఐ.ఎల్. పుట్టింది. ట్రాంబేలో 1969లో రూపుదిద్దుకున్న టి.డి.సి-12 కంప్యూటరు ఈ కంపెనీ నుంచే వచ్చింది. ఓటింగు యంత్రం నమూనా 1979లో ఇక్కడ తయారైంది. చంద్రయాన్-1 మాటలు వినడానికి బెంగళూరు దగ్గర బైలాలులో నిలబెట్టిన 32 మీటర్ల యాంటెన్నాలోనూ ఈ కుషాయిగూడ ఫ్యాక్టరీ చేతుల పని ఉంది.

ఒక మనిషి చేసిన మాస్టర్స్ డిగ్రీ ఎంత దూరం పోయిందో చూడండి. ఇప్పుడు మన ఎం.టెక్. ఎక్కడ ఆగిందో చెప్పుకోవాలి. బాధతోనే చెప్తాను, ముప్పై ఏళ్ళు ఆ పనిలోనే ఉన్నాను కనక.

బి.టెక్. విద్యార్థికి ప్రశ్న వెనక జవాబు ఉంటుందన్న నమ్మకం ఉంటుంది. పుస్తకం చివరి పేజీల్లోనో, సీనియరు రికార్డులోనో అది దొరుకుతుంది. ఎం.టెక్. మొదటి ఏడాదీ అలాగే గడుస్తుంది. రెండో ఏడాది థీసిస్ మొదలయ్యాక, జీవితంలో మొదటిసారి, వెనక పేజీ లేని ప్రశ్న ఎదురవుతుంది. గైడుకీ జవాబు తెలియదు. ఆ తెలియకపోవడంలో ఒక ఏడాది పాటు నిలబడగలగడమే పై చదువు. సర్క్యూట్లు, సిగ్నళ్ళు, లెక్కలు అందుకు పనిముట్లు.

ఆ ఏడాదిని మనం దాదాపు వదిలేసుకున్నాం. లెక్చరరు ఉద్యోగానికి ఎం.టెక్. తప్పనిసరి అయినప్పుడు సీట్లు పెరిగాయి, అవసరం కోసం చేరినవాళ్ళు పెరిగారు. తర్వాత సీట్లు ఖాళీ అయ్యాయి. గేట్ ర్యాంకుతో చేరినవాడికి ఏ.ఐ.సి.టి.ఇ. ఇచ్చే స్టైపెండు నెలకి 12,400 రూపాయలు. తోటివాడు బి.టెక్. తోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి ఇంటికి డబ్బు పంపుతుంటాడు. వీడు తండ్రి ముందు తల వంచుకుని ఇంకో రెండేళ్ళు ఆగమంటాడు. గేట్ లేకుండా చేరినవాడు తానే ఫీజు కడతాడు, పగలు ఎక్కడో పనిచేసి పరీక్షలకి వస్తాడు. అలాంటివాణ్ణి క్లాసుకి రాలేదని తిట్టిన రోజులు నాకున్నాయి. ఇప్పుడు తలచుకుంటే, తిట్టాల్సింది వాణ్ణి కాదు. వాడు పగలు పనిచేసే చోటే వాడి థీసిస్ ఉండి ఉండొచ్చు. అక్కడ ఏ యంత్రం ఎందుకు ఆగిపోతోందని నేను ఒక్కసారీ అడగలేదు.

నేను పనిచేసిన ఒక కాలేజీలో మంచి ఆసిలోస్కోపు ఒకటి ఉండేది. తనిఖీ బృందం వచ్చే రోజున బీరువా నుంచి బయటికి తీసి, తుడిచి, బల్ల మీద పెట్టేవాళ్ళం. పాడవుతుందన్న భయంతో మిగతా రోజులు లోపలే. తాళంచెవి నా దగ్గరే ఉన్న ఏడాది కూడా నేను ధైర్యం చేయలేదు.

ధైర్యం చేసింది ఒక విద్యార్థి. పేరు చెప్పను, అతనికి ఇష్టం ఉండదు. శామీర్‌పేట అవతల పల్లె. తాత కాలంలో ద్రాక్ష, తండ్రి కాలంలో కూరగాయలు. ఇంజనీరింగులో పవర్ సిస్టమ్స్. థీసిస్ అంశం ఏం తీసుకుంటావంటే విదేశీ పత్రికల్లో వచ్చిన ఒక పేపరు పట్టుకొచ్చాడు, సిమ్యులేషన్ చేస్తానన్నాడు. సరేనన్నాను. వారం తర్వాత మొహం వేలాడేసుకుని వచ్చాడు. ఏమైందంటే, "మా బోరు మోటారు మళ్ళీ కాలింది సార్, ఈ ఏడు ఇది మూడోసారి" అన్నాడు. ఎందుకు కాలుతోందని అడిగాను. "కరెంటు సార్" అన్నాడు. కరెంటులో ఏమిటని అడిగాను. పవర్ సిస్టమ్స్ చదివే విద్యార్థి, పవర్ సిస్టమ్స్ చెప్పే మాస్టారు, ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

బోరు మోటారుకి మూడు ఫేజులు కావాలి. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఒక ఫ్యూజు పోయినా తిరుగుతున్న మోటారు వెంటనే ఆగదు. ఉన్న రెండు ఫేజుల మీదే బరువు లాగుతుంది. ఆ రెండింటిలో కరెంటు పెరిగి వైండింగు వేడెక్కి మాడిపోతుంది. దాన్ని ఆపడానికి స్టార్టరు డబ్బాలో ఒక చిన్న పరికరం పెడతారు, ఫేజు పోగానే మోటారుని ఆపేస్తుంది. ఈ సంగతి పుస్తకంలో ఉంది. పుస్తకంలో లేనిది వాళ్ళ నాన్న చెప్పాడు. మేమిద్దరం వెళ్ళి స్టార్టరు డబ్బా తెరిచేసరికి ఆ పరికరాన్ని తప్పించి వైర్లు నేరుగా కలిపేసి ఉన్నాయి. "అదుంటే మోటర్ నడవదు సార్. దినానికి పదిసార్లు ఆగుతది. నేను పొలం పని చేసుకోవాల్నా, డబ్బా కాడ కూసోవాల్నా?" అన్నాడాయన.

రైతుకి తెలియక అలా చేస్తాడని మేం క్లాసులో చెప్పేవాళ్ళం. ఆ కుర్రాడు నాన్న మాట పట్టుకున్నాడు. ఫేజులన్నీ ఉన్నా అది ఎందుకు ఆపేస్తోంది? చేతిలో ఉన్న డబ్బులతో ఒక మైక్రోకంట్రోలరు బోర్డు, మెమరీ కార్డు, ప్లాస్టిక్ టిఫిను డబ్బా తెచ్చి, మూడు ఫేజుల వోల్టేజీని నిమిషానికోసారి రాసుకునే పెట్టె తయారు చేశాడు. అది సరిగ్గా కొలుస్తోందో లేదో చూడాలంటే మంచి ఆసిలోస్కోపు కావాలి. ఆ రోజు బీరువా తాళం తీశాం. లైన్‌మన్‌ని పిలిచి, సరఫరా ఆపించి, పెట్టె బిగించాం. నాలుగు నెలలు. మధ్యలో రెండుసార్లు ఎలుకలు వైరు కొరికాయి, ఒకసారి పిడుగుకి బోర్డు పోయింది. మళ్ళీ చేశాడు.

లెక్కలు తేలాక తెలిసింది. ఆ లైను చివర మూడు ఫేజుల వోల్టేజీలు ఒకదానితో ఒకటి సమానంగా ఉన్న రోజు దాదాపు లేదు. ఇళ్ళ సింగిల్ ఫేజు బరువంతా ఒక తీగ మీదే పడేది. మోటారు విషయంలో ఒక మొండి నిజం ఉంది. వోల్టేజీల్లో తేడా ఒక్క శాతమైతే కరెంట్లలో తేడా ఆరు నుంచి పది శాతం దాకా పోతుంది. ఆ రక్షణ పరికరం అబద్ధం చెప్పడం లేదు. మోటారు నిజంగానే బాధపడుతోంది. ఊరి మధ్య బాగా పనిచేసే అమరిక లైను చివరి పొలంలో రోజంతా ప్రమాదమనే అరుస్తుంది. రైతు దాన్ని తీసేస్తాడు. తీసేశాక నిజంగా ఫేజు పోయిన రోజు మోటారు కాలుతుంది. కాలితే పైపులన్నీ పైకి లాగాలి, రివైండింగు చేయించాలి, మళ్ళీ దింపాలి, ఆ లోపు పంట ఎండాలి. ఇందులో అజ్ఞాని ఎవరూ లేరు. ఒక వ్యవస్థ ఉంది, దాన్ని ఎవరూ అక్కడ నిలబడి కొలవలేదు, అంతే. వేడిని అంచనా కట్టి, కాసేపు ఓర్చుకుని, నిజంగా అవసరమైనప్పుడే ఆపే పద్ధతి ఒకటి అతను ప్రతిపాదించాడు. గొప్ప ఆవిష్కరణ అని నేననను. నేను గైడుగా ఉన్న థీసిస్‌లన్నిటిలో, ఆ పని జరగకపోతే లోకంలో ఒక విషయం తెలియకుండా ఉండిపోయేదని చెప్పగలిగింది మాత్రం అదొక్కటే.

వైవాలో పరీక్షకుడు పేపరు ఎక్కడ అచ్చయిందని అడిగారు. టిఫిను డబ్బా గురించి అడగలేదు.

ఆ విద్యార్థి తర్వాత అమెరికా వెళ్ళాడు, పిహెచ్.డి. కి. పోతున్నారే అని బాధపడేవాళ్ళు ఈ సభలో ఉన్నారని తెలుసు. నాకు ఆ బాధ లేదు. రావుగారూ వెళ్ళారు. శ్రీకాళహస్తి దగ్గర కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారు గిండీలో చదివి, ఆస్ట్రేలియాలో ఎం.టెక్. చేసి, స్టాన్‌ఫర్డ్‌లో 1966లో డాక్టరేటు తీసుకున్నారు. 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు. వెళ్ళకూడదని వీళ్ళతో అనగలమా? నా బెంగ వేరే. మేడ్చల్‌లో ప్లాటు కుదువపెట్టి, అప్పు చేసి, ఏ విశ్వవిద్యాలయమో ఏ అంశమో కన్సల్టెన్సీ వాళ్ళే తేల్చగా విమానం ఎక్కే పిల్లల చేతిలో ప్రశ్న లేదు. అక్కడి ప్రొఫెసరు ఏ ప్రశ్న ఇస్తే దాని మీద పనిచేస్తారు. బాగానే చేస్తారు, తెలివైన పిల్లలు. కానీ మన లైను చివర వోల్టేజీ అక్కడి ప్రొఫెసరుకి ఎలా తెలుస్తుంది? నా విద్యార్థి తన ప్రశ్నను సూట్‌కేసులో పెట్టుకుని వెళ్ళాడు. ఇప్పటికీ ఫోను చేస్తే మొదట అడిగేది ఆ పొలంలో ఫేజుల సంగతే.

ఇలాంటి ప్రశ్నలు ఇక్కడ నేల మీద పడి ఉన్నాయి. జవహర్‌నగర్ చెత్తగుట్ట నుంచి కరెంటు తీసే ప్లాంటు 2020లో 19.8 మెగావాట్లతో మొదలైంది. రోజుకో రకంగా వచ్చే తడి చెత్తతో నిలకడగా కరెంటు ఎలా తీయాలన్నది ఒక డాక్టరేటుకి సరిపడే ప్రశ్న. ఆ గుట్ట చుట్టుపక్కల బస్తీల్లో ఏ రాత్రి ఏ గాలి వీస్తోందో చవగ్గా కొలిచే పరికరం మరో ప్రశ్న. ఇది తలుపు పక్కనే ఉండి వాసన కొడుతున్న ప్రశ్న. ప్రశ్న ఉంటే దారి ఎటైనా పోతుందనడానికీ మేడ్చల్‌లోనే సాక్ష్యం ఉంది. హెపటైటిస్-బి టీకాను 1997లో చవగ్గా తెచ్చిన శాంతా బయోటెక్నిక్స్‌ని స్థాపించిన వరప్రసాద్ రెడ్డి గారు చదివింది ఎలక్ట్రానిక్స్.

దారి గురించి అడిగాను కదా. పూర్తిగా లేదని అనను. విద్యార్థిని కొన్ని నెలలు పరిశ్రమలో కూర్చోబెట్టే ప్రాక్టీస్ స్కూల్ పద్ధతి ఎం.ఐ.టి. నుంచి పిలానీకి 1970లలో వచ్చింది, ఇక్కడి బిట్స్ ప్రాంగణంలోనూ నడుస్తోంది. ఉద్యోగం చేస్తూ చదివే కోర్సులూ ఉన్నాయి. చిప్ డిజైను సాఫ్ట్‌వేర్ కాలేజీలకు అందించే కేంద్ర పథకం వచ్చింది. ఒకప్పుడు మేం కలలో కూడా చూడని సౌకర్యం అది. అయినా చర్లపల్లి పారిశ్రామిక ఎస్టేటులో ట్రాన్స్‌ఫార్మరు చుట్టే కారీగరుకీ, పక్క కాలేజీలో ట్రాన్స్‌ఫార్మరు మీద థీసిస్ రాసే అమ్మాయికీ పరిచయం లేదు. వాళ్ళిద్దరూ ఒకే బస్సులో ప్రయాణిస్తారు. ఇ.సి.ఐ.ఎల్.లో నలభై ఏళ్ళు పరికరాలు చేసి రిటైరైనవాళ్ళు ఈ చుట్టుపక్కల కాలనీల్లోనే ఉన్నారు, ఈ హాల్లోనూ ఉన్నారు. మిమ్మల్ని ఏ కాలేజీ అయినా థీసిస్ చూడమని పిలిచిందా? పిలవకపోతే తప్పు మాది, మాస్టర్లది. పిలవకపోయినా రండని అడగడానికే ఇవాళ ఈ వేదిక ఎక్కాను. మీకు తెలిసిన టంకం పని, గ్రౌండింగు చేసే విధానం, నాయిస్‌ని వెతికి పట్టుకునే ఓపిక ఏ సిలబస్‌లోనూ లేవు. మీతోపాటే పోతాయి.

ఆ టిఫిను డబ్బా పెట్టె నా దగ్గరే ఉంది. దాని కొత్త రూపానికి బొమ్మ వేసి ఆ విద్యార్థి అమెరికా నుంచి పంపాడు. అదిగో మూడో వరుసలో కూర్చున్న అమ్మాయి, ఈ ఏడు ఎం.టెక్.లో చేరింది, దాన్ని టంకం వేసి పూర్తి చేసింది. వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి అలియాబాద్ అవతల ఒక రైతు బోరు దగ్గర బిగిస్తున్నాం. లైన్‌మన్ వస్తానన్నాడు. ఎర్తింగు సరిగా ఉందో లేదో చూసిపెట్టే అనుభవం ఉన్న పెద్దమనిషి ఒకరు కావాలి. బండి నేను తెస్తాను.